అక్క పెళ్లికి లావు తీగలు

పెళ్లిలో భోజనాలు చాలకపోవడం మీరు చూసే ఉంటారు. పెళ్లికొడుకు అలిగి కూర్చోవడమూ చూసి ఉంటారు. చర్చి గుమ్మం నుంచి పాస్టరు గారి ముందుకు రావడానికి పెళ్లికూతురికి పావుగంట పట్టడం చూశారా? నేను చూశాను. చూడడమేమిటి, ఆ ఘోరం నా చేతులతోనే జరిగింది.

మాది నరసాపురం. రేవు దగ్గర నాన్నకు వలలు, గాలాలు అమ్మే కొట్టు. కాలేజీ వదలగానే నేనూ అక్కడే కూర్చునేవాణ్ణి. ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: "ఏ చేపకండీ?" చిన్న చేపకు సన్న దారం, పండుగొప్పలాంటి పెద్ద చేపకు లావు దారం. నా లోకజ్ఞానమంతా అంతే.

ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేది కూడా నేనే. అక్కకు పెళ్లి కుదిరింది. నాన్న చెయ్యి పట్టుకుని తను లోపలికి నడిచి వచ్చేటప్పుడు నేనే వాయించాలంది.

"మైకు వద్దురా, ఒట్టి గిటారే బాగుంటుంది. అత్తగారి వాళ్లందరి ముందూ నా పరువు నీ చేతుల్లో పెడుతున్నాను."

అంత పెద్ద చర్చి, అంతమంది జనం, నా గిటారుకేమో సన్న తీగలు! కొట్లో పెరిగిన బుర్ర క్షణంలో తేల్చేసింది. రాజమండ్రి బస్సెక్కాను.

"అన్నిటికన్నా లావు తీగలు ఇవ్వండి."

గిటార్ల షాపాయన నన్ను ఎగాదిగా చూశాడు. "పదమూడు గేజు లావాండీ? ఇప్పుడేది వాడుతున్నారు?"

"పది."

"వేళ్లు పోతాయండీ బాబూ! పైగా ఆ బిగువుకి గిటారు మెడ వంగి తీగలు పైకి లేస్తాయి. గిటారు పట్టుకురండి, సెటప్ చేసిస్తాను."

"మాది గాలాల కొట్టండీ. దారం లావు సంగతి మాకు తెలుసు" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఇంటికొచ్చి బిగించాను. మోత బ్రహ్మాండం! అక్కడితో ఊరుకోవచ్చు కదా? తీగలు ఎంత ఎత్తున ఉంటే మోత అంత దూరం పోతుందని నాకు నేనే కనిపెట్టి, తీగలు ఆనే తెల్లటి పలక కింద ప్లాస్టిక్ స్కేలు ముక్క కూడా దోపాను. ఇక తీగల కింద నుంచి బొమ్మిడాయి హాయిగా ఈదుకుంటూ పోవచ్చు.

చెల్లి చూసి, "అన్నయ్యా, అది గిటారా, బట్టలారేసుకునే తీగా?" అంది.

"నీకేం తెలుసే!" అన్నాను. వేళ్లు అలవాటు పడతాయనుకున్నాను. అవి అలవాటు పడలేదు, పొక్కులు లేచాయి.

దీనికి తోడు అక్కకు పాఠం ఒకటి. "కంగారు పడకు. నేను తీగల మీద పట్టు, అదే కార్డ్, మార్చినప్పుడల్లా ఒక్క అడుగు వెయ్యి, చాలు."

పెళ్లిరోజు గుమ్మం పక్కనే నిలబడి మొదటి కార్డ్ కొట్టాను. చర్చి అదిరింది. అక్క ఒక అడుగు వేసింది. రెండోది ఎఫ్ కార్డ్. ఒక్క వేలితో ఆరు తీగలూ అదమాలి. అదిమాను. "టుక్" అంది. మళ్లీ అదిమాను. మళ్లీ "టుక్". అక్క కదల్లేదు, మాట తప్పని మనిషి. పాస్టరు గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. గుమ్మం వైపు వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"ఏంటండీ, ఆగిపోయింది? పిల్లకి ఇష్టం లేదా ఏంటి?"

అక్క పళ్ల బిగువున, "మార్చరా!" అంది.

"నొక్కుతున్నానక్కా!"

పొక్కు చితికింది, కార్డ్ పలికింది, రెండో అడుగు పడింది. అలా ఒక్కో అడుగుకీ ఒక్కో యుద్ధం చేసి, మొత్తానికి అక్కను పాస్టరు గారి ముందుకు చేర్చాను.

పెళ్లయ్యాక అక్క అత్తగారు అందరితోనూ, "ఇంత నిదానమైన పిల్లని మా ఇళ్లలోనే చూళ్లేదండీ" అని మురిసిపోయారు. అక్క పరువు దక్కింది. నాకు మాత్రం తల ఎత్తుకోబుద్ధి కాలేదు. చర్చి వెనకాల నాన్న ఒక్కరే నిలబడి కళ్లు తుడుచుకుంటున్నారు.

"తప్పయిపోయింది నాన్నా. రేపే ఈ తీగలు పీకేస్తాను."

"వద్దురా" అన్నారు నాన్న. "కొట్టు గొడవలో పడి, మీ అక్క చెయ్యి పట్టుకుని అంతసేపు నడిచి ఎన్నేళ్లయిందో. అలాగే ఉంచు. చెల్లి పెళ్లికి కూడా నాకవే కావాలి."

అందుచేత, పాఠక మహాశయుల సాక్షిగా ఇదే నా ప్రమాణం: ఈ జన్మలో పదమూడు గేజ్ తీగ ముట్టను, పలక కింద చీపురుపుల్ల కూడా దోపను. వచ్చే నెల చెల్లి పెళ్లి ఒక్కటి అయిపోనివ్వండి.