మరకి కొట్టని దెబ్బలు

చుట్టూ మిరప చేలు పెట్టుకుని కొట్లో కారం పొట్లం కొనుక్కోవడం మా అత్తయ్య లెక్కలో పరువు తక్కువ పని. ఏటి ఒడ్డున ఉండి నీళ్లు కొనుక్కున్నట్టు అంటుంది. కాపురానికొచ్చిన కొత్తలో నవ్వుకునేదాన్ని గానీ, తర్వాత ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఎండలు ముదిరేలోపు ఏడాదికి సరిపడా కాయ కొని, డాబా మీద ఎండబెట్టి, తొడిమలు తీసి, మరలో ఆడించి జాడీకెత్తితే తప్ప నాకు నిద్ర పట్టదు.

ఆ ఏడాది మిరపకాయ ధర విన్నాక నిద్ర అసలే పట్టలేదు. అప్పటికే నూనె, పప్పు చుక్కల్లో ఉన్నాయి. మా ఆయన మార్టూరులో గ్రానైటు పాలిష్ పట్టే చోట పని చేస్తాడు. జీతం మాత్రం ఆయన పాలిష్ పట్టే రాయిలా ఎక్కడ పెట్టింది అక్కడే ఉంటుంది. అప్పడాలు వేయించడం మానేసి మంట మీద కాల్చాను. టమాటా బదులు చింతపండు పిసికాను. వాడరేవు నుంచి ఎండు చేపలు తెచ్చే ఆవిడ గుమ్మం ముందు గంప దించబోతే, ఇవాళ శనివారం అని తప్పించుకున్నాను. ఆవిడ నా మొహం చూసి, శుక్రవారం కూడా శనివారమే చేసేశావా అని నవ్వుతూ పోయింది.

ఇవన్నీ ఎలాగో గడిచిపోతాయి. చిక్కంతా అత్తయ్యతోనే. కందిపప్పు పెరిగిందని టీవీలో విన్న మర్నాడే ఆవిడకి పప్పు సహించకుండా పోయింది. పాలు పెరగగానే టీ తాగితే పైత్యం చేస్తోందంది. ఎవరూ ఏమీ అనకుండానే తన కంచం తనే ఖాళీ చేసుకుంటూ వచ్చింది. చివరికి మిగిలింది వేడన్నం, కారం, దాని మీద కాస్త నూనె. అదొక్కటే ఇష్టంగా కలుపుకునేది. ఆ కారం విషయంలో కూడా ఇబ్బంది పడుతున్నామని తెలిస్తే అదీ మానేస్తుంది. అప్పుడిక ఆవిడ తినేదేమిటని నాకు నిజంగానే భయం పట్టుకుంది.

గుంటూరు వెళ్లి మంచికాయ కొంచెం, తాలు ఎక్కువ కొనుక్కొచ్చాను. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. ధర తక్కువ, కారం పాలిపోయినట్టు వస్తుంది. అత్తయ్య మోకాళ్లు మెట్లెక్కనివ్వవు కాబట్టి డాబా మీద నా గుట్టు భద్రంగానే ఎండింది. కానీ జాడీ మూత తీస్తే ఆవిడ కళ్లని మోసం చేయడం నా తరమా?

మా వీధి చివర కారం మర నడిపే ఆవిడ అత్తయ్యని చాలా ఏళ్లుగా ఎరుగును. అవి రంజాన్ రోజులు. ఉపవాసంతో ఉండి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆ ఘాటులోనే నిలబడి మర ఆడిస్తోంది. ఆవిడ పద్ధతి ఊరందరికీ తెలుసు. ఒకరి కాయ ఆడించాక మర లోపల కొంత కారం అంటుకుని ఉండిపోతుంది కదా, చెక్క సుత్తితో మర ఒంటి మీద దభీదభీమని కొట్టి, అది కూడా రాల్చి ఇస్తుంది. ఎవరి కారం వాళ్లకే. ఆ చప్పుడు మా ఇంటిదాకా వినిపిస్తుంది.

నా సంచీ మూతి విప్పి లోపలికి చూసింది. ఈసారి కాయ ఇంతే దొరికిందక్కా అన్నాను, అడక్కుండానే. ఆవిడ కాయ సంగతి ఎత్తలేదు. అత్తయ్య అన్నం సరిగ్గా తింటోందా అని అడిగింది. తలూపాను. కూర్చోమని చెప్పి, మూల ఉన్న తన ఇంటి కాయ తెచ్చి ముందు అదే మరలో పోసింది. ఎర్రగా నిగనిగలాడే కాయ. కారం ఇంకా రాలుతుండగానే తన డబ్బా పక్కకి జరిపి నా డబ్బా పెట్టింది. సుత్తి ముట్టుకోలేదు.

"అక్కా, కొట్టలేదు," అన్నాను.

"చెయ్యి నొప్పిగా ఉందమ్మా."

నా కాయ పోసింది. అది ఆడటం అయిపోగానే, నొప్పన్న ఆ చేత్తోనే సుత్తి ఎత్తి వీధి అదిరేలా కొట్టింది. మరలో చిటికెడు కూడా మిగల్లేదనుకుంటాను. నా డబ్బా నిండింది. ఆవిడ డబ్బా మాత్రం వెలితిగా ఉంది. కళ్లలో నీళ్లొచ్చాయి. ఘాటు అనుకుంటుందిలే అని తుడుచుకోలేదు కూడా.

ఇంటికొచ్చి అంతా కలియబెట్టాను. మరీ ఎరుపు కాదు గానీ, తాలు అని పట్టిచ్చే రంగూ కాదు. మర్నాడు అత్తయ్య వేడన్నంలో కలుపుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాను.

"ఈ ఏడు మంట తగ్గిందే. నా కడుపుకి ఇదే హాయి," అని మరికాస్త అన్నం పెట్టమంది. తెలిసి అందో తెలియక అందో నేనడగలేదు. పెట్టాను.

మరుసటి ఏడు నూనె దిగలేదు, పప్పు దిగలేదు. మిరప మాత్రం పడిపోయింది. రైతు ఏడ్చిన ధరకి మాకు మంచికాయ దొరికింది. సంతోషపడటానికి మనసొప్పలేదు గానీ, కొనకుండానూ ఉండలేదు.

మర దగ్గర నా వెనక ఎవరో కొత్తావిడ నిలబడి ఉంది. సంచీ మూతి గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఆ పట్టు నేనెరుగుదును. వేళ్ల సందులోంచి తెల్లకాయ ఒకటి తొంగి చూస్తోంది.

నా కాయ ఆడటం అయింది. మరావిడ అలవాటుగా సుత్తి ఎత్తింది.

"వద్దులే అక్కా," అన్నాను. "చెయ్యి నొప్పన్నావుగా."

ఆవిడ నా వైపు చూసింది, నా వెనక ఉన్నావిడ వైపు చూసింది. సుత్తి కింద పెట్టి, సంచీ కోసం చెయ్యి చాపింది.