మింటీకి మందు వేసిన చలికాలం

మా అమ్మాయి చిన్నప్పుడు... ఆస్ట్రేలియాలో, టూవూంబా అనే ఊళ్లో, చలికాలం. బడి నుంచి వచ్చి మోచెయ్యి చూపించింది. రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ... తామర.

ఎక్కణ్ణుంచి అంటుకుందో వెతకక్కర్లేదు. మింటీ అని మాకో పిల్లి ఉండేది. దాని చెవి వెనక అప్పటికే బొచ్చు ఊడిపోయింది.

పశువుల డాక్టరు రెండే దారులు చెప్పాడు. పిల్లిని వదిలించుకోవడం... లేదంటే నయమయ్యేదాకా విడిగా ఉంచి, మాత్రలు మింగించి, మందునీళ్లతో కడగడం. వారాలు పడుతుందన్నాడు.

మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. నాకింకా పని దొరకలేదు.

"నా చేతి మీద తామర కనపడితే వార్డులోకి రానిస్తారా? మందు పిల్లికా, పిల్లకా... మీరే తేల్చండి" అంది.

"ఇద్దరికీ" అన్నాను.

"ఆహా! మాట్లాడక మాట్లాడక మాట్లాడారు. మరి దాన్నెవరు కడుగుతారు, నేనా?"

అమ్మాయి గుమ్మం పట్టుకుని నిలబడింది. "నాన్నా, ప్లీజ్... డోంట్ గివ్ హర్ అవే."

మా ఊళ్లో గొడ్డుకి అంటుజబ్బు వస్తే పాకలోంచి తీసి దూరంగా కట్టేసేవారు. దాని కుడితి, మందు ఇంట్లో ఒక్కరే చూడాలి. ఆ ఒక్కరూ మిగతా పశువుల్ని గానీ, పసిపిల్లల్ని గానీ ముట్టుకోకూడదు. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

"నేను చూస్తాలే" అన్నాను.

ఇంటి కింద బట్టలుతికే గదిలో పిల్లి, నేను. నా కంచం వేరు, తువ్వాలు వేరు, పక్క కూడా అక్కడే. మాత్ర మింగించేసరికి చేతులన్నీ గీరేసేది... తర్వాత అదే వచ్చి నా లుంగీలో ముడుచుకుని పడుకునేది. రోజంతటిలో నన్ను తాకే ప్రాణి అదొక్కటే.

మొదట్లో అమ్మాయి మెట్ల మీద కూర్చుని బడి కబుర్లు చెప్పేది. పోనుపోను పైనుంచే "హౌ ఈజ్ షి?" అని అడిగి వెళ్లిపోయేది. నేను చెప్పేదీ ఒక్క మాటే... "తగ్గుతోంది."

నిజంగానే తగ్గింది. అమ్మాయి మోచేతి మచ్చా మానిపోయింది. డాక్టరు ఇక పరవాలేదన్నాడు. మింటీ అమ్మాయి ఒళ్లోకి వెళ్లిపోయింది. మా ఆవిడ కూడా దాని తల నిమిరింది.

మర్నాడు పొద్దున్నే దువ్వెన పట్టుకుని నిలబడ్డాను. వాళ్లమ్మ పెందలాడే డ్యూటీకి వెళ్లేది... అందుకని, నేను కిందికి వెళ్లకముందు, బడికి జడ వెయ్యడం నా పనే. అమ్మాయి అప్పటికే రబ్బరు బ్యాండుతో జుట్టు తనే కట్టేసుకుంది. కాస్త వంకరగా...

"ఐ కెన్ డూ ఇట్, నాన్నా" అంది.

"మంచిదమ్మా" అన్నాను.

ఇప్పుడు అమ్మాయి ఇంట్లోనూ పిల్లి ఉంది. దానికి ఏదైనా అంటుకుంటే మందు వెయ్యాలా వద్దా అని ఎవరూ వాదులాడుకోరు. ఇంటిల్లిపాదీ గ్లవ్స్ తొడుక్కుని వంతులవారీగా చూసుకుంటారట. మంచి పద్ధతే... ఏ ఒక్కరూ దూరంగా ఉండక్కర్లేదు.

మీ ఇళ్లల్లో అలా విడిగా ఉండిపోయిన మనిషి ఎవరు? రాయండి... తీరిగ్గా చదువుతాను.