మనసులో పిలిచిన పిలుపు

మా పాప పైకి చదువుతున్న మాయల కథలో మాంత్రికులు కళ్లు మూసుకుని, సముద్రాల అవతలున్న వాళ్లతో మనసులోనే మాట్లాడుకుంటున్నారు. మన ఈడువాళ్లలో చిన్నప్పుడు ఇలా మనసులో పిలిచే ఆట ఆడనివాళ్లున్నారా? నేను మాత్రం ఒక్కసారితో మానేశాను.

సముద్రం మీదికి వేటకెళ్లేవాళ్లను వెనకనుంచి పిలవకూడదని మా పల్లెలో పసిపిల్లలకూ తెలుసు. భుజాన వల, చేతిలో గంజి కేరేజీతో నాన్న ఇసుకలోకి దిగుతుంటే, గుమ్మంలో అమ్మ పక్కన నిలబడి మనసులోనే "నాన్నా" అన్నాను. నాన్న చటుక్కున తిరిగాడు.

"ఎవులు పిలిసినారు?"

ఎవరూ పిలవలేదని తల అడ్డంగా ఊపాను.

సాయంత్రం వల చిరిగిపోయి వచ్చింది. నానమ్మ అమ్మ మీద విరుచుకుపడింది. "నువ్వే పిలిసుంటావు! నోరు మూసుకోనేవేటే?"

అమ్మ నావైపు ఒకసారి చూసిందంతే. ఆ పిలుపు ఆమెకూ వినపడే ఉంటుంది.