మావగారు కొరకబోయిన కాయ

మా మావగారికి రామ్ములక్కాయలు అమ్మే పద్ధతి ఒకటుండేది. టమాటాలను మా వైపు అప్పుడలాగే అనేవాళ్ళం. కాయ ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పేవారు కాదు. గంపలోంచి ఒకటి తీసి, పంచెకు తుడిచి, వాళ్ళ ఎదుటే కొరికి తినేవారు. విజయనగరం మార్కెట్లో ఆయన సరుక్కి అంతకు మించిన పూచీ అక్కర్లేదు.

నేను కాపరానికొచ్చిన రెండో ఏడు, అరవైల చివర్లో, తోటకు పురుగు పట్టింది. ఏ కాయ చూసినా బొక్కే. మావగారు పురుగుల్ని చేత్తో ఏరించడమే తప్ప మందు మాటెత్తనిచ్చేవారు కాదు. ఆయన తండ్రి కార్యానికి శ్రీకూర్మం వెళ్ళడం చూసి, మా ఆయనా నేనూ డీడీటీ పొడిని పల్చటి గుడ్డలో మూటకట్టి, మంచు ఆరకముందే ప్రతి మొక్క మీదా దులిపాం. వారం దాకా కాయ కొయ్యొద్దని పొడి ఇచ్చినతను మరీ మరీ చెప్పాడు.

మూడో రోజే మావగారు తిరిగొచ్చారు. చూపు తగ్గిన మనిషి. పురుగు కనబడని తోట చూసి పొంగిపోయి, మర్నాడు పొద్దున్నే కోతకు దిగారు. చెప్పేద్దామని నేను, వద్దని మా ఆయన. మావగారి మాట కాదని చేసిన పనాయె, చివరికి భయమే నెగ్గింది. తెల్లగా కనిపించిన కాయనల్లా కొంగుతో తుడిచి గంపలో వేసింది నేనే.

మార్కెట్లో గంప దించగానే ఆకుపచ్చ కోక కట్టుకున్న ఒకావిడ వచ్చింది. ఇంట్లో జ్వరం తగ్గిన మనిషి నోటికి పుల్లగా చారు అడుగుతున్నాడట. ఏమీ అడక్కుండానే కాయలు ఒళ్ళో పోయించుకుని వెళ్ళింది. నేను చూస్తూ ఊరుకున్నాను.

తర్వాత వచ్చినాయన కాయ ఎలా ఉందని అడిగాడు. మావగారు ఒకటి తీసి పంచెకు తుడిచారు. నోటిదాకా వెళ్ళిన చేతిని పట్టుకున్నాను.

"తినకండి మావా. పొడి కొట్టీసినాం."

ఆయన కాయ వంక చూశారు. నా వంక చూశారు. కేకలేస్తారనుకున్నాను.

"మరి ఆయమ్మ ఎల్లిపోతన్నప్పుడు ఎందుకు సెప్పనేదు?" అన్నారు మెల్లగా.

గంప నాకప్పజెప్పి ఆవిడను వెతుక్కుంటూ వెళ్ళారు. మధ్యాహ్నం దాకా సందులన్నీ తిరిగి వట్టి చేతులతో వచ్చారు. మిగిలిన కాయలన్నీ గొయ్యి తీసి కప్పెట్టాం. ఆవిడింట్లో ఏమైందో మాకెప్పటికీ తెలియలేదు.

మావగారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నా మీద కోపమూ చూపలేదు. కానీ ఆ తర్వాత ఎవరు కాయ ఎలా ఉందని అడిగినా, ఒకటి తీసి, పంచెకు తుడిచి, నా చేతిలో పెట్టేవారు. అందరూ చూస్తుండగా కొరికేదాన్ని. ఆ ఇంట్లో ఆ రోజు చారు కాచారో లేదో అనుకుంటూ మింగేదాన్ని.