శాఖ పేరు చదవలేదు

నిన్న సాయంత్రం టీవీలో కొత్త మంత్రుల పేర్లూ, వాళ్ళకిచ్చిన శాఖలూ చదువుతున్నారు. ఆ గొంతు ఒక్కో పేరు దగ్గర ఆగి మళ్ళీ మొదలవుతుంటే నేను టీవీకి దగ్గరగా జరిగాను. రిటైరై చాలాకాలమైంది, ఏ మంత్రి వస్తే నాకేం? అయినా శాఖల పేర్లు ఎవరు ఏ భాషలో చదివినా నా మనసు అబుదాబిలోని ఒక ఆఫీసు గదికే పోతుంది. అక్కడ రేడియో ముందు తల వంచుకుని ఖాదర్ సాహెబ్ కూర్చుని ఉంటారు.

డెబ్బైలలో, ఏడు ఎమిరేట్లూ కలిసి ఒక దేశంగా ఏర్పడి ఇంకా పదేళ్ళు నిండని రోజుల్లో, నేను నెల్లూరు నుంచి వెళ్ళి అక్కడి ఒక మంత్రిత్వ శాఖలో ఇంగ్లీషు టైపిస్టుగా చేరాను. ఖాదర్ సాహెబ్ మా విభాగానికి పెద్ద. కడప మనిషి. అరబ్బీ కాగితాలను ఇంగ్లీషులోకి, ఇంగ్లీషువి అరబ్బీలోకి మార్చడం ఆయన పని. పై అధికారి ముదీర్‌తో అరబ్బీ, డ్రైవర్లతో ఉర్దూ మాట్లాడే ఆ మనిషి నన్ను చూడగానే కడప తెలుగులోకి దిగిపోయేవారు. తెలియనిది అడిగితే విసుక్కోవడం ఆయన దగ్గర నేనెన్నడూ చూడలేదు.

మంత్రివర్గం మారి కొన్ని శాఖలు కలిపేస్తారన్న మాట ఒక ఎండాకాలం మా ఆఫీసులో పుట్టింది. ఎవరు తెచ్చారో తెలియదు గానీ, టీ తాగేవాళ్ళంతా గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇంట్లో నా భార్య సరళకు ఏడో నెల. బయట కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు కఫీల్, అంటే వీసాకు పూచీ ఉండే యజమాని, ఒక మనిషి, వెళ్ళి బతిమాలుకోవచ్చు. మా కఫీల్ మా శాఖే. ఆ శాఖే లేకుండా పోతే ఎవరిని బతిమాలాలి?

ఉండబట్టలేక ఒకరోజు ఆయన్నే అడిగాను. "ఏంది సార్, మంత్రి మారితే మారనీ, శాఖలు ఎందుకు కలిపేస్తారు?"

"ఏడు ఎమిరేట్లు, అంటే ఏడు రాజ్యాలప్పా" అన్నారాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. "పాలకులు ఏడుగురూ కూచునేది సుప్రీం కౌన్సిల్. పెద్ద మాటలన్నీ ఆడ. దాని కింద ప్రధానమంత్రి, మంత్రులు. దినామూ దేశం నడిపేది వీళ్ళు. బడి, ఆసుపత్రి, రోడ్డు, అన్నీ వీళ్ళ బల్ల మీదికే వస్తాయి. అయితే ఆ బల్ల చుట్టూ ఏడిళ్ళ మనుషులూ ఉండాల. పెండ్లిలో పంక్తి ఏసినట్టు సూడు. మమ్మల్ని కడాన కూచోబెట్టినారని ఎవరికీ అనిపించగూడదు. ఆ సర్దుబాటులో ఒక కుర్చీ జరుగుతాది, ఇంకొకటి పోతాది."

"మనదేనా పోయేది?"

"యా అల్లా, నాకెట్ల తెలుస్తాది?" అని మళ్ళీ పనిలో పడ్డారు.

అప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఊరవతల ముసఫ్ఫా వర్క్‌షాపుల దగ్గర ఒక ఆసుపత్రి పెట్టాలన్న ప్రతిపాదన. అక్కడ యంత్రంలో చెయ్యి నలిగిన ఒక కరీంనగర్ కుర్రవాణ్ణి పికప్ వెనక పడుకోబెట్టి ఊళ్ళోకి తీసుకురావడం ఆయన కళ్ళారా చూశారు. మా మంత్రి ఆ ప్రతిపాదనకు ఒప్పుకున్నారు. మంత్రివర్గం ముందుకు వెళ్ళడమే తరువాయి.

అది వెళ్ళేలోపే రేడియోలో కొత్త మంత్రివర్గాన్ని ప్రకటించారు. ఖాదర్ సాహెబ్ రేడియో ముందు కూర్చున్నారు, మిగతా అందరం నిలబడి విన్నాం. అరబ్బీ నాకు అంతంత మాత్రం. అందుకే ఖాదర్ సాహెబ్ ముఖమే చూస్తూ నిలబడ్డాను. ఒక్కొక్క శాఖా అయింది. గొంతు ఆగిపోయింది. సంగీతం మొదలైంది. మా శాఖ పేరు చదవలేదు.

"ఖలాస్" అన్నాడు వెనక ఎవరో.

మా శాఖను మరో శాఖలో కలిపేశారు. టైపిస్టులను తీసుకుంటామన్నారు. అనువాదకుడు మాత్రం అక్కడ అప్పటికే ఒకరున్నారు. నా ఉద్యోగం నిలిచిందని తెలిసిన ఆ క్షణంలోనే ఖాదర్ సాహెబ్ కళ్ళలోకి చూడలేకపోయాను. ఆయన మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, "పాత మంత్రి మాట పాత మంత్రితోనే పోతాది. కొత్తాయన తన మాటగా చెప్తే తప్ప ఆసుపత్రి సంగతి పైకి పోదు. మళ్ళా టైపు కొట్టాల, కూచో" అన్నారు.

శుక్రవారం సాయంకాలపు అసర్ నమాజు అయ్యాక నన్ను వెంటబెట్టుకుని కొత్త మంత్రి మజ్లిస్‌కు వెళ్ళారు. ఎవరైనా వచ్చి తమ గోడు చెప్పుకునే చావడి అది. గోడ పొడవునా మనుషులు కూర్చుని ఉన్నారు. వంతు వచ్చేదాకా సాహెబ్ గహ్వా కాఫీ గిన్నె పట్టుకునే ఉన్నారు, తాగలేదు. మంత్రి ఆసుపత్రి సంగతంతా విన్నారు. కాగితాలు పక్కనున్న మనిషికిచ్చి, "మరి నీకేం కావాలి?" అని అడిగారు. ఆపాటి అరబ్బీ నాకూ అర్థమైంది. ఇప్పుడు అడుగుతారు, తన ఉద్యోగం అడుగుతారనుకున్నాను. ఆయన గిన్నె కింద పెట్టి, "ఈ ఆసుపత్రే చాలు, తమరి ఆయుష్షు పెరగాలి" అని లేచారు.

బయట కారులో కూర్చున్నాక ఆయన తాళం తిప్పలేదు. "అడిగి ఉండాల్సిందేమో కదప్పా?" అన్నారు. ఆయన గొంతులో అంత బెదురు అంతకుముందు వినలేదు. "నా మాట ఎత్తితే ఆసుపత్రి మాట పల్చబడతాదని భయమేసింది. ఇప్పుడేమో నా ఉద్యోగం పోతాదని భయమేస్తాంది."

ఆయన ఉద్యోగం పోయింది. షార్జాలో ఒక టైపింగ్ దుకాణంలో చేరారు. ఆ చలికాలంలో మంత్రివర్గం ఆసుపత్రికి ఒప్పుకుంది. ఆ కబురు మోసుకుని, పసిపిల్లను ఎత్తుకున్న సరళతో కలిసి షార్జా వెళ్ళాను. ఆయన పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆసుపత్రి సంగతులన్నీ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. గదులెన్ని, డాక్టరు ఎవరు, ఉర్దూ వచ్చినవాళ్ళు ఉంటారా లేదా అని.

"ఆ భయం ఇప్పుడు పోయిందా సార్?" అని అడిగాను.

"యాడికి పోతాదప్పా? దుకాణం ఓనరు దగ్గినా భయమే" అని నవ్వారు. "దాని పాటికి అది ఉంటాది. మన చేతిలో పని మనం చేసుకోవాల, అంతే."

ఆ తర్వాత నేను ఆ దేశంలోనూ, ఇక్కడా ఎన్నో ఆఫీసులు మారాను. పై కుర్చీలో మనిషి మారతాడన్న ప్రతిసారీ అదే గుబులు. ధైర్యవంతుణ్ణి ఎప్పటికీ కాలేకపోయాను. కానీ అలాంటి రోజుల్లో నా బల్ల మీద ఎవరిదో ఒకరిది ఆగిపోయిన పని ఉంటుంది కదా, ముందు దాన్ని వెతికి చేతిలోకి తీసుకుంటాను. భయం దాని పాటికి అది ఉంటుంది, పని మాత్రం సాగుతుంది.