అక్క కప్పిన మోదుగాకు

మా అక్క పోయింది. "మామా, అమ్మ లేస్తలేదు" అని పొద్దున్నే మేనల్లుడు ఫోన్ చేశాడు. ఇల్లందు బస్సు పట్టుకుని నేను చేరేసరికి వాకిలి నిండా జనం. ఆ ఇంట్లో చల్లారిన పొయ్యిని చూడటం నాకు అదే మొదటిసారి.

ఆమె పోయిన నెలకే నా బిడ్డకు సర్కారు బడిలో టీచర్ నౌకరీ వచ్చింది. ఎంతమందికి చెప్పుకున్నా తనివి తీరడం లేదు, మీకూ చెబుతున్నాను! కానీ ఆ సంతోషంతో పాటే గుండెల్లో రాయి పడింది. "పిల్లకు నౌకరీ వస్తే పంది కూర నేనే వండుతా. నువ్వు పొయ్యి జోలికి రాకు" అని అక్క ఎప్పుడో మాట తీసుకుంది. ఇప్పుడు వండాల్సింది నేను.

పంది మాంసమంటే అక్కకు ఎంత ఇష్టమో అంత భయం. పెళ్లైన కొత్తలో మా బావ ఎక్కడో విందులో సరిగా ఉడకని ముక్క తిని, చావు తప్పి బయటపడ్డాడు. అప్పటినుంచి అక్క పొద్దున్నే ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, చింతపండు గుజ్జు పట్టించి, ఆకులు కప్పి మధ్యాహ్నం దాకా నాననిచ్చేది. ఉడికేటప్పుడు వెదురు పుల్ల గుచ్చి, ఎర్రటి నీరు వస్తే ఇంకో కట్టె తోసేది. "భయం లేనోడు పంది కూర వండొద్దురా తమ్మీ" అనేది. గడప మీద కూర్చుని తొలి ముక్క తనే తినేది. కాసేపాగి "ఇగ రాండ్రి" అంటేనే మేం లేవాలి. మేం తింటున్నంతసేపూ మా మొహాలే చూసేది. అది మురిపెం అనుకునేవాణ్ణి.

మొన్న ఆదివారం చుట్టాలను పిలిచాను. జొన్న రొట్టెలు, సొరకాయ పప్పు, గుమ్మడికాయ కూర, పచ్చిపులుసు మా ఆవిడ చేసింది. కూర నాది. అక్కలాగే పొద్దున్నే ముక్కలకు అన్నీ పట్టించి, ఆకులు కప్పి నానబెట్టాను. పొయ్యి మీద పెట్టి రెండు గంటలు దాటినా పుల్లకు ఎరుపే.

"ముక్కలు ఉడికి విడిపోతున్నయ్, దించు ఇగ" అంది మా ఆవిడ.

"ఎర్రగుంది. దించ."

"వదినుంటే నీ చేతికి గంటె ఇచ్చేదా అసలు!"

నా బిడ్డ వచ్చి, నేను తీసి పడేసిన ఆకులను తిరగేసింది. "నాన్నా, ఇది టేకాకు! అత్త మోదుగాకు కప్పేది. లేత టేకాకు నలిపితే చేతులు ఎర్రగైతయ్, మర్చిపోయినవా?"

అందరూ నవ్వారు. నలభై ఏళ్లు తిన్నాను గాని, ఏ ఆకు కప్పేదో ఏనాడూ చూడలేదు. ఆకు రంగే కావచ్చు. పచ్చిదీ కావచ్చు. ముక్క విరిస్తే లోపల తెల్లగానే ఉంది, అయినా నా కళ్ల మీద నాకే నమ్మకం లేదు. తేల్చి చెప్పే మనిషి లేదు.

గడప మీద కూర్చుని తొలి ముక్క తిన్నాను. చాలాసేపు ఆగాను. అప్పుడు "ఇగ రాండ్రి" అన్నాను.

వాళ్లు తింటుంటే ఒక్కొక్కరి మొహమే చూశాను. నా బిడ్డ రెండోసారి వడ్డించుకుంటే సంతోషం, వెంటనే భయం. మా అక్క ఇన్నేళ్లూ మమ్మల్ని ఇట్లానే చూసిందన్నమాట.

తెల్లారేదాకా ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున వాన పడుతోంది. వాకిట్లో పడేసిన టేకాకుల మీంచి సన్నటి ఎర్రనీరు గడప ముందు నుంచి పారుతోంది.