పొంగనాల పెనంలో పరమాణువులు

మొన్న ఆదివారం మా బల్ల దగ్గర ఉన్నవి ఇవి: నేను, నా భార్య, మా అమ్మాయి, ఆమె కంప్యూటరు, చల్లారిపోయిన టీ. తెర మీద, వెలుగుతో అల్లిన గళ్ళలో గడికొకటి చొప్పున కుదురుగా కూర్చున్న పరమాణువుల ఫొటో. అది చూడగానే నాకు ఎనభైల చివర్లో జహీరాబాదులోని మా మేనమామ ఇంటి వంటగది గుర్తొచ్చింది.

నన్ను చదివించిన ఆ మామకు అల్లం మండీ ఉండేది. ఎమ్మెస్సీ కాగానే నేను గల్లా దగ్గర కూర్చుంటానని ఆయన ఆశ, పరిశోధనకు సీటొచ్చింది కాబట్టి వెళ్ళాలని నా పట్టు. ఏం చదువుతావో నాకు అర్థమయ్యేలా చెబితే పంపుతాను, లేకుంటే మండీకి రావాలి అన్నాడు. ఎదురెదురుగా వచ్చే వెలుగు కిరణాలు కలిసినచోట ఎత్తుపల్లాలు ఏర్పడతాయని, బాగా చల్లబరిచిన పరమాణువులను ఆ పల్లాల్లో నిలపవచ్చని కొందరు అనుకుంటున్నారని చెప్పాను. మామ ఆవులించాడు.

"వెలుగుల గుంతలేంది అల్లుడా? జర సక్కగ చెప్పు."

కన్నడ సీమ నుంచి కోడలిగా వచ్చిన అత్తమ్మ అప్పుడే పొంగనాల పెనం తుడిచి పెట్టింది. అది పొయ్యి ఎక్కకముందే నేను లాక్కుని, గుంటల మధ్య గట్లు మునిగేదాకా పిండి పోసి వంచితే, పిండంతా ఒక్కటై ఒక పక్కకు పారి కొంత కింద పడింది. గట్లు తేలేదాకా ఇంకొంత తీసేసి మళ్ళీ వంచితే ఏ గుంటది ఆ గుంటలోనే ఆగింది. వెలుగులో అయితే ఏదీ తీయనక్కర్లేదు, మంట పెంచనక్కర్లేదు, తగ్గించనక్కర్లేదు, గుంటలు లోతు చేస్తే చాలు, అటూ ఇటూ పారే పరమాణువులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి అన్నాను.

"నా పిండంత ఆగం జేసినవ్ గదరా!" అంది అత్తమ్మ.

మామ ఆమె మాట పట్టించుకోకుండా పెనాన్ని తానే అటూ ఇటూ వంచి చూశాడు. "మరి ఏ గుంతల ఎవడున్నడో కనవడ్తదా?"

ఇంకా ఎవరూ చూడలేదన్నాను.

"గట్లయితే పోయి చూసి రా. అల్లం యాడికి పోదు."

నెత్తి మీది మూట దించినట్లయింది. ఆ పూట తిన్నంత తృప్తిగా పొంగనాలు మళ్ళీ తినలేదు.

ఆ చూడటం నా వల్ల కాలేదు, ఎక్కడో ఎవరో చూశారు. ఈ ఫొటో చూపిద్దామంటే మామ లేడు, మండీ ఉన్నచోట ఫోన్ల దుకాణం వచ్చింది. పెనం మాత్రం మా ఇంట్లోనే ఉంది. గుంటలు ఏడు, ఏ గుంటలో ఏముందో ఎవరికైనా కనిపిస్తుంది.